ఎలుగుబంటి నోట్లోంచి చూస్తే

"కొట్టండి! నోరు తెరిచాడంటే పళ్ళు రాలగొట్టండి!"

అరుస్తున్నది సుందర్ రాజ్. కిందపడి ఉన్నది ఎలుగుబంటి.

సిమెంటు ఏనుగు తొండం మీంచి పిల్లలు జారే చోట, ఇసకలో, నల్లటి బొచ్చు తొడుగు వేసుకున్న ఆ ఎలుగుబంటిని జనం చుట్టుముట్టి తన్నుతున్నారు. తన్నినప్పుడల్లా లోపలినుంచి మనిషి మూలుగు వినిపిస్తోంది. తొండం మీద కూర్చున్న పిల్లలు జారడం మానేసి నోరు వెళ్ళబెట్టి చూస్తున్నారు.

ఫ్లోరెన్స్ మోచేతులతో జనాన్ని తోసుకుంటూ లోపలికి దూరింది. ఎలుగుబంటి బతికినా చచ్చినా ఆమెకి అక్కర్లేదు. ఆమెకి కావలసింది ఒక్కటే. నాలుగేళ్ళ రూబీ ఎక్కడుంది?

"పాప ఏదీ? నా పాపని ఏం చేశావు?"

ఎలుగుబంటి తల పైకెత్తింది. ఏదో చెప్పబోయింది. సుందర్ రాజ్ ఎగిరి ఆ మూతి మీద తన్నాడు.

అరగంట క్రితం వరకూ అంతా బాగానే ఉంది.

ఎనభై నాలుగో సంవత్సరం మొదటి రోజు. చర్చి ఆరాధన కాగానే, ఒంటిమీద కొత్తబట్టలతోనే, కుటుంబమంతా భీమిలి రోడ్డులో కొత్తగా తెరిచిన జంతువిలాస్ పార్కుకి వచ్చింది. సింహం నోట్లోంచి లోపలికి వెళ్ళాలి. లోపల జిరాఫీ మెడకి కట్టిన ఉయ్యాలలు, తాబేళ్ళ మీద తిరిగే రంగులరాట్నం, బాతు పడవలు. పిల్లలకి చేతులు కలపడానికి ఎలుగుబంటి వేషం కట్టిన మనిషొకడు. అడుగడుక్కీ మైకులో పాటలు.

పండగతోపాటు అది వీడ్కోలు కూడా. ఫ్లోరెన్స్ భర్త సుందర్ రాజ్. అతని అన్నగారు జ్ఞానశేఖర్ రైల్వేలో పెద్ద గుమస్తా. ఖరగ్‌పూర్‌కి బదిలీ అయింది. మధ్యాహ్నం హౌరా వెళ్ళే మెయిలుకి భార్య ప్రేమలీలతో బయల్దేరుతున్నాడు. ప్రేమలీల తల్లి అప్పలమ్మ కూడా వాళ్ళతోనే. మోకాళ్ళ నొప్పులని ఆవిడ పార్కులోకి రాలేదు. గేటు బయట టాక్సీలో కూర్చుంది.

జీడిమామిడి చెట్టు కింద చాప పరిచారు. చెప్పులూ బూట్లూ చాప పక్కన విడిచి, పులిహోర గిన్నెల చుట్టూ కూర్చున్నారు. ఫ్లోరెన్స్ తమ్ముడు జాన్‌బాబు స్టీల్‌ప్లాంటు కట్టే చోట వెల్డరు. వాడు సోడాలు తెస్తానని వెళ్ళాడు.

"ప్రార్థన చేసుకుందాం," అన్నాడు జ్ఞానశేఖర్. "అందరూ కళ్ళు మూసుకోండి."

అన్నం ముందు ప్రార్థన ఆ ఇంట్లో నాలుగు మాటలు. ఆకలిమీదున్న పిల్లలు కూడా ఓర్చుకోగలిగినంత. ఆ రోజు మాత్రం జ్ఞానశేఖర్ ప్రార్థన సాగుతూనే ఉంది. గడిచిన ఏడాది అయింది. రాబోయే ఏడాది అయింది. ప్రయాణం, ఖరగ్‌పూర్, అక్కడి సంఘం, పోర్టులో పనిచేసే తమ్ముడు, పోర్టుకి వచ్చే ఓడలు, వాటిలో నావికులు. ఫ్లోరెన్స్‌కి ఒడిలోంచి పాప లేచినట్టు తెలిసింది. నాన్న దగ్గరికి పోయిందనుకుంది. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిస్తే బావగారు ఊరుకోరు. చిన్నప్పుడు సుందర్ రాజ్ అలా తెరిచినందుకే తొడపాశం పెట్టిన మనిషి ఆయన.

ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచారు. పాప లేదు.

ముందు బాతు పడవల దగ్గర చూశారు. తర్వాత తాబేళ్ళ దగ్గర. తర్వాత ఎవరికీ ఏం చూస్తున్నామో తెలియలేదు. ఫ్లోరెన్స్ ఉత్తకాళ్ళతో మైకు గదికి పరిగెత్తింది. తోడికోడలు ప్రేమలీల వెనకాలే వచ్చింది.

మైకు దగ్గర కూర్చునే చలమయ్య పాట ఆపాడు. "పాప పేరేటమ్మా?"

"రూబీ. గులాబీరంగు గౌను."

"తండ్రి పేరు?"

ఫ్లోరెన్స్ నోరు తెరిచింది. పేరు గొంతులోకి వచ్చి ఆగిపోయింది. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని తల్లి చెప్పింది. తల్లికి వాళ్ళ తల్లి చెప్పింది. తాతల కాలంలోనే చర్చిలో చేరినా ఆ భయం మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. పెళ్ళిలో పాస్టరుగారు చెప్పించిన ప్రమాణంలో ఒకే ఒక్కసారి అంది. అదీ పెదాల మధ్య. "గట్టిగా అనమ్మా, దేవుడికి వినపడాలి," అని పాస్టరుగారు నవ్వారు కూడా. ఆ తర్వాత 'ఏవండీ', 'పాప వాళ్ళ నాన్న'. అంతే.

"ఏటమ్మా, పిల్ల తండ్రి పేరు కూడా మర్సిపోనావా?"

"సుందర్ రాజ్," అని ప్రేమలీల అందించింది.

మైకులో ఆ పేరు మారుమోగింది. అది విని వేరుశనక్కాయలమ్మే ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "గులాబీ గౌనా? ఆ గుంట ఎలుగుబంటి సెయ్యట్టుకుని గేటు కాడికి ఎల్తంటే నాను సూసినాను!"

ఆ మాటతో జనం లేచారు. అందరికంటే ముందు లేచినవాడు సుందర్ రాజ్.

"ఆగండెహె! సంపెత్తారేటి?"

హెడ్ కానిస్టేబుల్ ఎల్లారావు లాఠీతో దారి చేసుకుంటూ వచ్చాడు. పండగ బందోబస్తుకి సింహం నోటి దగ్గర కుర్చీ వేసుకున్న మనిషి. సోడాసీసాలతో పరిగెత్తుకొచ్చిన జాన్‌బాబు ఎలుగుబంటి తలని రెండు చేతులా పట్టి లాగాడు. లోపల నలభై ఏళ్ళ బక్కమనిషి. మూతి పగిలి రక్తం.

"నీ పేరేట్రా?"

"గవర్రాజు బాబూ. మాది బీమిలి. కూలికి ఈ ఏసం కడతన్నాను. నాను దొంగని కాదు బాబూ."

"పాప ఏది?"

"నాను ఎత్తుకుపోనేదు. ఎవులో బాబు ఆ గుంటని నా సేతిలో ఎట్టి..."

సుందర్ రాజ్ కానిస్టేబుల్ చంకలోంచి చెయ్యి దూర్చి గవర్రాజు చెంప పగలగొట్టాడు. "అబద్ధాలు! వీడితో మాటలేంటండీ? స్టేషన్లో పడేసి నాలుగు తగిలించండి, అదే చెప్తాడు."

"బావా, ఉండు మరి," అన్నాడు జాన్‌బాబు. "ఆడు సెప్పేది సెప్పనీ. నువ్వు అస్తమానం ఆడి నోటి మీదే కొడతన్నావేటి?"

ఆ మాట ఫ్లోరెన్స్ చెవిన పడింది. పడి అక్కడే ఉండిపోయింది.

నిజమే. పెళ్ళయిన ఏడేళ్ళలో ఈ మనిషి ఒకరి మీద చెయ్యెత్తగా ఆమె చూడలేదు. బియ్యం షాపువాడు తూకంలో మోసం చేస్తే కూడా తల దించుకుని వచ్చేసే రకం. అలాంటిది ఇవాళ గవర్రాజు నోరు తెరిచినప్పుడల్లా కొడుతున్నాడు. పాప ఎక్కడుందో చెప్పగలిగిన నోరు ఈ పార్కు మొత్తంలో అదొక్కటే కదా?

"నీకు పాపనిచ్చింది ఎవరు?" అని ఆమె గవర్రాజు ముందు కూలబడి అడిగింది.

"మొకం సూడ్నేదమ్మా."

ఎల్లారావు ఫెళ్ళున నవ్వాడు. "బాగుందిరోయ్! గుంటని సేతిలో ఎడితే మొకం సూడ్నేదా? కళ్ళు అద్దికిచ్చినావా?"

"తల తగిలించుకుంటే ఏటీ అగుపడదు బాబూ. పైన ఎట్టినవి గాజుకళ్ళు. నోటి కాడ కన్నముంది. అందులోంచి కిందకే అగుపడతాది. గుంటల మొకాలు అగుపడతాయి, పెద్దోళ్ళ కాళ్ళు అగుపడతాయి. మాట కూడా సరిగ్గా ఇనపడదు. పైనుంచి మైకొకటి."

"కతలు సెప్పకు."

"కత కాదు బాబూ, కావలిస్తే ఎట్టుకుని సూడండి!"

ఎల్లారావు ఆ చెమట కంపు కొట్టే తలకాయ వంక చూసి ముక్కు చిట్లించాడు. ఫ్లోరెన్స్ దాన్ని తీసుకుంది.

"ఫ్లోరీ, ఏం చేస్తున్నావ్? పిచ్చా?" సుందర్ రాజ్ చెయ్యి చాపాడు.

ఆమె అప్పటికే తల దూర్చింది.

చీకటి. గోనె వాసన. బయటి గోలంతా బిందెలో తలపెట్టి వింటున్నట్టు ఉంది. కోరల మధ్య అరచేతి వెడల్పు కన్నం. అందులోంచి ఇసక కనిపిస్తోంది. ఇసక మీద కాళ్ళు.

కాకీ ప్యాంటు కింద బూట్లు ఎల్లారావువి. ముక్కుకి ఇనపరేకు వేసిన బరువైన జోళ్ళు జాన్‌బాబువి. వాటి పక్కన నిగనిగలాడే నల్లబూట్లు. తాళ్ళు చక్కగా, సీతాకోకచిలుకల్లా ముడివేసి ఉన్నాయి. జ్ఞానశేఖర్‌వి.

ఫ్లోరెన్స్ చూపు ఆ ముళ్ళ దగ్గరే ఆగింది.

తను ఉత్తకాళ్ళతో పరిగెత్తింది. ప్రేమలీల ఒక కాలి చెప్పుతో పరిగెత్తింది. పిల్ల తప్పిపోయిందని అందరూ గుండెలు బాదుకుంటుంటే ఈ మనిషి చాప మీద తీరిగ్గా కూర్చుని మేజోళ్ళు తొడుక్కుని, బూట్ల తాళ్ళు ముడివేసుకున్నాడా? వెతకాల్సిన పని లేదని తెలిసినవాడికే కదా అంత తీరిక!

ఆమె తల ఇంకొంచెం పక్కకి తిప్పింది. కన్నంలోకి ఇంకో రెండు కాళ్ళు వచ్చాయి. చెప్పుల్లేవు. ఇసక అంటుకుంది. ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు.

రేవులో ఇనపగొలుసు పడి ఆ గోరు ఊడింది. ఫ్లోరెన్స్ సీతమ్మధార క్లినిక్‌లో నర్సు. ఆ పుండు మానేదాకా రోజూ కట్టు మార్చింది తనే. ప్రపంచంలో ఎన్ని కాళ్ళున్నా ఆ బొటనవేలిని చీకట్లో తడిమి చెప్పగలదు.

"గవర్రాజూ," అంది. గొంతు తనది కానట్టు లోపలే తిరిగింది. "ఆ మనిషి కాళ్ళు ఎలా ఉన్నాయి?"

"సెప్పుల్లేవమ్మా. ఎడం బొటనేలికి గోరు నేదు."

కన్నంలో ఆ కాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశాయి.

ఫ్లోరెన్స్ తలకాయ తీసేసింది. ఒక్కసారి వెలుగు పడి కళ్ళు చెదిరాయి. ఎదురుగా మొగుడి ముఖం. దాన్ని ఆమె చూడలేదు. గవర్రాజునే చూసింది.

"ఎక్కడ దిగబెట్టావు?"

"గేటు బయట తెల్లకారమ్మా. 'అందులో దీని మామ్మ ఉంది, ఎలుగుబంటితో నడుత్తానని మారాం సేస్తంది, దిగబెట్టి రా' అన్నాడు ఆ బాబు. గుంట ఏడవనేదు. నవ్వుతా వొచ్చింది. ముసలామె 'రా తల్లీ' అని ఎక్కించుకుంది. కారెల్లిపోనాది."

అప్పలమ్మ.

ఏటి సంగతి, ఏటి సంగతి అని జనం ఒకళ్ళనొకళ్ళు అడుక్కుంటున్నారు. ఎల్లారావు గవర్రాజుని రెక్కపట్టి లేపాడు. "అంతా గదిలోకి నడవండి. అక్కడ ఫోనుంది."

మైకు గదిలో ఆరుగురు పట్టడమే కష్టం. చలమయ్య పాట పెట్టబోయి, వీళ్ళ ముఖాలు చూసి మానేశాడు. జాన్‌బాబు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఫ్లోరీ," అన్నాడు సుందర్ రాజ్ చిన్నగా. "పాపకేం కాలేదు. వదిన వాళ్ళమ్మ దగ్గరే ఉంది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామనే అనుకున్నా. బండి కదిలాక చెబుదామని. ఇంతలో నువ్వు మైకు దగ్గరికి పరిగెత్తావు. జనం లేచారు. ఇంక ఎలా చెప్పను?"

"అందుకని ఈ మనిషిని చంపుదామనుకున్నారా?"

సుందర్ రాజ్ అన్న వైపు చూశాడు. ఎప్పుడు ఏం చెప్పాల్సొచ్చినా అతను చూసేది అటే.

జ్ఞానశేఖర్ గొంతు సవరించుకున్నాడు. "అమ్మా ఫ్లోరెన్స్. క్రిస్మస్‌కి నిన్ను అడిగాను. మాకు దేవుడు సంతానం ఇవ్వలేదు. నీకు చిన్న వయసు, ఇంకా పుడతారు. రూబీని మాకు పెంపకానికి ఇమ్మంటే నువ్వు కుదరదన్నావు. వీణ్ణి తండ్రి పోయిన దగ్గర్నుంచి నేనే పెంచాను. చదివించాను, పోర్టులో వేయించాను. వాడికి కృతజ్ఞత ఉంది. వాడు ఒప్పుకున్నాడు. తండ్రి ఒప్పుకున్నాక అది దొంగతనం ఎలా అవుతుంది?"

"ఆయన ఒప్పుకుంటే ప్రార్థన అంతసేపు ఎందుకు చేశారు బావగారూ?"

జ్ఞానశేఖర్ ముఖంలో రంగు మారింది.

"నా కళ్ళు మూయించి, నా ఒడిలోంచి బిడ్డని తీయించారు. దేవుడి పేరు చెప్పి మూయించారు. ఆ నావికుల కోసం కూడా నేను ఆమెన్ అన్నాను."

ప్రేమలీల గోడకి ఆనుకుని ఏడుస్తోంది. "నాకు తెలీదు ఫ్లోరీ. సువార్త మీద ఒట్టు. నువ్వే మనసు మార్చుకున్నావని ఈయన చెప్పారు. నువ్వు పంపేటప్పుడు ఏడుస్తావని, కళ్ళపడకుండా ముందే బండి ఎక్కిస్తామన్నారు." ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పాప లేదని నువ్వు అరిచినప్పుడు అర్థమయింది. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు."

ఫ్లోరెన్స్ ఆమె వైపు చూసింది. తనకి మొగుడి పేరు అనడానికి నోరు రాలేదు. ఈవిడ ఆ పేరు అందించింది గానీ నిజం అనడానికి నోరు రాలేదు.

"సార్, ఫోను చెయ్యండి," అంది ఎల్లారావుతో. "వాల్తేరు స్టేషన్‌కి చెప్పి ఆ ముసలావిణ్ణి ఆపమనండి. మెయిలు వచ్చే వేళయింది."

ఎల్లారావు ఫోను మీద చెయ్యి వేశాడు గాని ఎత్తలేదు. జ్ఞానశేఖర్ అతన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. తిరిగొచ్చాక ఎల్లారావు మాట మెత్తబడింది.

"సూడమ్మా. ఇది మీ ఇంటి ఎవ్వారం. తండ్రే పిల్లని పెత్తండ్రికి ఇచ్చినాడు. రైలాపమని నాను ఏటని సెప్పను? ఎవులి మీదనో కంప్లైంటుండాల. పేరుండాల. పేరు సెప్తే ఫోను సేత్తాను. సెప్పకపోతే ఎలుగుబంటి మీద కేసు రాసుకుంటాను. జనం సూసింది ఆణ్ణే కదా."

"బాబూ!" గవర్రాజు అతని బూట్ల మీద పడ్డాడు. "ఇంటికాడ ముసిల్ది సూస్తంటాది బాబూ!"

"ఆలోచించుకోమ్మా," అన్నాడు జ్ఞానశేఖర్. గొంతు మళ్ళీ చర్చిలో మాట్లాడే గొంతైపోయింది. "మొగుడి మీద పోలీసు కేసు పెడితే పోర్టువాళ్ళు సస్పెండ్ చేస్తారు. క్వార్టర్స్ పోతాయి. సంఘంలో ఎవరి మొహం చూస్తావు? పాప మా దగ్గర రాణిలా ఉంటుంది. సెలవులకి తీసుకొస్తాం. ఒక్కమాట అన్నావంటే మాత్రం నీ కాపురం నీ చేత్తో కూల్చుకున్నట్టే."

సుందర్ రాజ్ తల వంచుకుని నిలబడ్డాడు. గోరు లేని వేలిని రెండోకాలి కింద దాచుకున్నాడు. "ఫ్లోరీ," అన్నాడు. "అన్నయ్య మాట నేనెప్పుడూ కాదనలేదు. నీకు తెలుసు కదా. ఇంటికి పోదాం పద. ఇంటి దగ్గర మాట్లాడుకుందాం."

"పాప లేని ఇంటికా?"

అతను మళ్ళీ అన్న వైపే చూశాడు.

ఆ చూపు చూశాక ఫ్లోరెన్స్‌లో ఏదో తెగిపోయింది. ఈ మనిషి ఆయుష్షు తగ్గుతుందని ఏడేళ్ళు అతని పేరుని నాలుక కింద దాచుకుంది. రేషను షాపులో అడిగితే కాగితం చూపించింది. క్లినిక్‌లో అడిగితే పక్కవాళ్ళ చేత చెప్పించింది. ఆ మనిషేమో ఆమె కళ్ళు మూసుకోగానే ఆమె కడుపుకోతకి ఒక ఎలుగుబంటిని కుదుర్చుకున్నాడు.

దూరంగా, భీమిలి రోడ్డు మీద బస్సు హారన్ మోగింది. మెయిలు ఎక్కడిదాకా వచ్చిందో ఎవరికి తెలుసు!

"ఏటమ్మా, పేరు సెప్తావా లేదా?" అన్నాడు ఎల్లారావు. చెప్పదని అతనికి నమ్మకం. మైకు దగ్గర తండ్రి పేరు అడిగితే నోరు పెగలని మనిషని చలమయ్య ఇందాకే నవ్వుతూ చెప్పాడు.

"నీకొక్కడికి చెప్తే నువ్వు వినలేదంటావు," అంది ఫ్లోరెన్స్.

చలమయ్య బల్ల మీది మైకు అందుకుంది. మీట నొక్కింది. బయట సింహం నెత్తిమీద, ఏనుగు చెవిలో, జిరాఫీ మెడ మీద కట్టిన గొట్టాలన్నీ ఒక్కసారి కీచుమన్నాయి. జ్ఞానశేఖర్ మైకు లాక్కోబోయాడు. జాన్‌బాబు అతని చెయ్యి పట్టుకుని గోడకి నొక్కి ఉంచాడు.

"అందరూ వినండి," అంది. ఆమె గొంతు పార్కంతా తిరిగి మళ్ళీ కిటికీలోంచి ఆమెకే వినిపించింది. రంగులరాట్నం ఆగింది. "గులాబీ గౌను పాప తప్పిపోలేదు. ఎలుగుబంటి ఎత్తుకుపోలేదు. ఆ గవర్రాజుని అన్యాయంగా కొట్టారు. నా బిడ్డని నాకు తెలియకుండా నా ఒడిలోంచి తీసి ఊరు దాటిస్తున్న మనిషి ఎవరో నాకు తెలుసు. హెడ్డుగారికి పేరు కావాలంట. చెప్తున్నాను. అందరూ సాక్ష్యం."

"ఫ్లోరీ, వద్దు," అన్నాడు ఆ మనిషి.

పెళ్ళినాడు పాస్టరుగారు అడిగినట్టే, ఈసారి గట్టిగా, దేవుడికి వినపడేటట్టు అంది.

"సుందర్ రాజ్."